కడుపు డాక్టరు మన తాలూకాకు ఎప్పుడొస్తాడు?



ఫెలోషిప్ అనే మాట మన సంఘాల్లో కొత్తది కాదు. యూత్ ఫెలోషిప్, ఉమెన్స్ ఫెలోషిప్, పాస్టర్స్ ఫెలోషిప్ అని వారానికి నాలుగుసార్లు ప్రకటిస్తూనే ఉంటాం. ఆ మధ్య ఒక కూడికలో ఒక తమ్ముడు లేచి, "మా అక్క గ్యాస్ట్రోలో ఫెలోషిప్‌కు పోతా ఉంది, ప్రార్థన చెయ్యండి" అని మనవి చేశాడు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ పక్కావిడను అడిగింది: "గ్యాస్ట్రో సంఘమంటే యాడుందమ్మా?" అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. నిజమే, ఎక్కడుంది అది? బెంగుళూరులో ఉంది, హైదరాబాదులో ఉంది, వేలూరులో ఉంది. ఆ కూడిక జరిగిన తొండేభావిలో లేదు. చుట్టుపక్కల తాలూకాల్లో ఆ చదువు చదివిన మనిషి కావాలంటే మన జనం బెంగుళూరు దారే పట్టాలి.

తొండేభావి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బెంగుళూరు నుంచి హిందూపురం పోయే రైలు దొడ్డబళ్ళాపురం, మాకళిదుర్గం దాటాక ఆగే చిన్న స్టేషను అది. గౌరిబిదనూరు తాలూకా, చిక్కబళ్ళాపురం జిల్లా. సిమెంటు ఫ్యాక్టరీ వల్ల పేరు నలుగురికీ తెలిసింది. బడిలో కన్నడం, ఇంట్లో చాలామందికి తెలుగు. బాగేపల్లి, చింతామణి వైపు పోతే ఈ తెలుగు ఇంకా చిక్కనవుతుంది. మాగాణి తక్కువ. మల్బరీ తోట, పాడి ఆవు, రాతి పని, కూలి పని, వీటి మీదే బతుకు. నీళ్ళు బోరులో ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడ్. మనిషి దేహానికి జరిగే చాలా అన్యాయాలు ఇక్కడ మొదట కడుపులోనే తెలుస్తాయి.

మా సంఘంలోని ఒక సోదరుని సంగతి చెప్పాలి. పేరు చెప్పం, అది ఆయన ఇంటి సంగతి. నలభై దాటినవాడు, లారీలకు మూటలెత్తే పని. తాగుడు ఉంది. మానతానని మా చేతిలో చెయ్యి వేసి రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ మానలేదు. ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు ఆయన భార్య ఫోను: "అయ్యగారూ, నెత్తురు కక్కుతున్నాడు, బకెట్లోకి." మేము పోయేసరికి మనిషి చల్లబడిపోయి ఉన్నాడు. మొదట చేరిన ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు తనకు తెలిసినదంతా చేశాడు. సెలైన్ పెట్టాడు, ఇంజక్షన్లిచ్చాడు. ఆపైన, "లివరు పాడై అన్ననాళంలో నరాలు ఉబ్బి పగిలినట్టున్నాయి, ఎండోస్కోపీ చేసి రబ్బరు బ్యాండు వెయ్యాలి, ఇక్కడ ఆ మిషనూ లేదు, చేసేవాళ్ళూ లేరు, బెంగుళూరికి తీసుకుపొండి" అన్నాడు. డెబ్బై కిలోమీటర్ల లోపు దారి అది. అంబులెన్సు దొరికి, దారిలో ఇంకొక చోట మంచం లేదంటే తిరిగి, చివరికి ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయనను లోపలికి తీసుకునేసరికి తెల్లవారింది.

బ్యాండు వెయ్యడానికి పట్టిన సమయం? అరగంట కూడా కాదు. ఎండోస్కోపు గొట్టం చివర చిన్న రబ్బరు వలయాలు ఉంటాయి. ఉబ్బిన నరాన్ని లోపలికి పీల్చి, దాని మెడకు ఒక వలయం జారవిడుస్తారు. నెత్తురు ఆగుతుంది. చేసిన డాక్టరమ్మ ముప్పై రెండేళ్ళ పిల్ల, ఫెలోషిప్‌లో ఉన్నానని చెప్పింది. మా సోదరుడు బతికాడు. కానీ రెండు ఆవులు పోయాయి, చీటీ డబ్బు పోయింది, పెద్ద కూతురు పి.యు.సి. మధ్యలో ఆగిపోయి బట్టల షాపులో పనికి కుదిరింది. జబ్బు పడ్డది ఆయన, చదువు ఆగింది ఆ పిల్లది.

ఆ డాక్టరమ్మ ఆ అరగంట పనికి ఎన్నేళ్ళు చదివిందో చూడండి. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్ళు, హౌస్ సర్జన్సీ ఒక ఏడు, జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. మూడేళ్ళు, గ్యాస్ట్రోఎంటరాలజీలో డి.ఎం. మూడేళ్ళు. మొత్తం పదకొండున్నర. మధ్యలో ప్రవేశ పరీక్షలకు కోచింగ్‌లో కూర్చున్న ఏళ్ళు వేరే. డి.ఎం. అయ్యాక కాలేయ జబ్బులకని ఒకటి, పిత్తనాళంలో రాళ్ళు తీసే ఇ.ఆర్.సి.పి.కి ఒకటి, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండుకు ఒకటి, ఇలా ఒక ఏడో ఆపైనో ఒకే పని మీద చెయ్యి తిప్పుకోవడాన్ని మన దేశంలో ఫెలోషిప్ అంటున్నారు. అమెరికాలో ఈ మాటకు అర్థం వేరు. అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్ళయ్యాక చేసే మూడేళ్ళ గ్యాస్ట్రో చదువునే ఫెలోషిప్ అంటారు. అంటే మన డి.ఎం.కు సాటి. అక్కడున్న మన తెలుగు డాక్టర్లతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలియక మా యువత తికమకపడుతుంటారు కాబట్టి చెప్పాం. మన దగ్గర ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే ఫెలోషిప్ సర్టిఫికెట్ మెడికల్ కౌన్సిల్ దగ్గర అదనపు డిగ్రీగా నమోదు కాదు. అయినా పిల్లలు ఎందుకు పోతారు? ఈ విద్య పుస్తకంతో వచ్చేది కాదు గనుక. పై కడుపు ఎండోస్కోపీ ఒక్కటి చెయ్యి కుదరాలంటేనే వందకు పైగా పరీక్షలు పెద్దవాళ్ళు పక్కన నిలబడి చూస్తుండగా చెయ్యాలంటారు నేర్పేవాళ్ళు. మేస్త్రి పక్కన కూలీగా నిలబడి పని నేర్చుకున్నట్టే ఇదీ.

ఈ విద్యలో తెలుగువాళ్ళు తక్కువవాళ్ళేమీ కాదు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాదులో పెట్టిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎండోస్కోపీ నేర్చుకోవడానికి దేశవిదేశాల డాక్టర్లు వస్తారు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి దిగుమతి అయి బీదవాళ్ళకు అందని రోజుల్లో, 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారు చేసి ధర దించింది. పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్‌కు మన దేశపు టీకా రోటావాక్ హైదరాబాదు భారత్ బయోటెక్‌లో తయారైంది. 2016లో ప్రభుత్వం దాన్ని మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాని వెనక పరిశోధనలో, అప్పట్లో వేలూరు సి.ఎం.సి. గ్యాస్ట్రో విభాగంలో ఉన్న డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ పాత్ర పెద్దది. కడుపు జబ్బుల మీద ఇంత పని తెలుగు నేల మీదా దాని పక్కనా జరిగింది. మరి గౌరిబిదనూరు తాలూకాలో నెత్తురు కక్కిన మనిషికి ఒక రబ్బరు వలయం ఎందుకు దొరకలేదు?

చదువు పెరిగేకొద్దీ మనిషి పల్లెకు దూరమవుతాడు, దానికి డబ్బే కారణం అని చాలామంది తేల్చేస్తారు. కొంత నిజమే. కానీ ముప్పై రెండేళ్ళ వయసులో అప్పు నెత్తిమీద పెట్టుకుని వచ్చిన పిల్లను, ఎండోస్కోపు లేని, అనస్థీషియా ఇచ్చే మనిషి లేని, గొట్టాలు శుద్ధి చెయ్యడం తెలిసిన నర్సు లేని చోటికి పంపితే ఆమె ఏం చెయ్యాలి? సూపర్ స్పెషాలిటీ చదివినవాళ్ళు కూడా ఒక ఏడాది ప్రభుత్వ సేవ చెయ్యాలని కర్ణాటక 2012 నాటి చట్టంలో రాసుకుంది. మంచిదే. అయితే ఏడాది అప్పుతీర్చినట్టు చేసి పోయే డాక్టరుతో తాలూకాకు ఒరిగేది కొంచెమే. తన ఊరికి తానే తిరిగి రావాలనుకునే మనిషి కావాలి. అలాంటి మనిషి ఈ చదువులోకి పోయే వాకిలి ఎంత ఇరుకో మన పత్రిక చదివేవాళ్ళు గుర్తించాలి.

డి.ఎం. ప్రవేశాల్లో కుల రిజర్వేషన్ లేదు. ఆ మెట్టు మీద ప్రతిభ ఒక్కటే కొలత అన్న ధోరణి సుప్రీం కోర్టు 1992, 1999 తీర్పుల నుంచి వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దాకా, ఎం.డి. దాకా పడి లేచి వచ్చిన దళిత బిడ్డ ఇక్కడ ఆగుతుంది. దళిత క్రైస్తవ బిడ్డ సంగతి అంతకు ముందే తేలిపోయింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, మనకు తెరవలేదు. ఆంధ్రలో బి.సి.-సి కింద ఒక్క శాతం మిగిలింది. ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే ఫెలోషిప్‌లకైతే ఆ మాత్రం లెక్క కూడా లేదు. ఎవరి సిఫారసు ఉంది, నగరంలో ఏడాదిపాటు చాలీచాలని స్టైపెండు మీద ఎవరు బతకగలరు, వీటితోనే తేలుతుంది. మా సోదరునికి బ్యాండు వేసిన డాక్టరమ్మ మంచిది, దేవుడు ఆమెను దీవించును గాక. కానీ ఆయన "గుండికాయ కింద మండుతాది" అంటే ఆమెకు అర్థం కాలేదు, మేము పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాం. మేము లేని రోజున?

ఈ మాటల సంగతి చిన్నదనుకోవద్దు. మన జనానికి కడుపుకు సంబంధించి ఒకటే పేరు: గ్యాస్. పుండు పడినా గ్యాసే, పిత్తాశయంలో రాయి ఉన్నా గ్యాసే, కాలేయం వాచినా గ్యాసే. గుండెపోటు వచ్చినప్పుడు కూడా గ్యాసనే అనుకుని సోడా తాగి పడుకుని, తెల్లారి లేవనివాళ్ళు ఉన్నారు. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు నెలల తరబడి మింగి, కడుపులో పుండు పడి, నల్లగా దొడ్డికి పోతుంటే "రాగిముద్ద తిన్నాను కదా" అనుకున్న అక్క మా సంఘంలోనే ఉంది. నల్లని మలం అంటే పైన ఎక్కడో నెత్తురు కారుతోందని ఆమెకు ఎవరు చెప్పాలి? ఆ మాట చెప్పడానికి పదకొండున్నర ఏళ్ళ చదువు అక్కర్లేదు. ఆశా కార్యకర్త చెప్పవచ్చు, మన స్త్రీల కూడికలో చెప్పవచ్చు, ఆదివారం ప్రకటనల్లో చెప్పవచ్చు. మేము చెప్పలేదు. ఇన్నేళ్ళు పులుపిటం మీద నిలబడి తాగుడు పాపమని చెప్పాం గాని, తాగినవాని కాలేయం గట్టిపడితే ముందుగా ఏ గుర్తులు కనబడతాయో ఒక్కసారీ చెప్పలేదు. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని రాసిన మాటను మాత్రం మా తాగుబోతు సోదరులందరూ కంఠతా చెబుతారు! ఆ మాటకు వాళ్ళిచ్చే భాష్యం విని విని విసిగిపోయాం.

కడుపు పుండు అంటే దిగులు వల్లా కారం వల్లా వస్తుందని డాక్టర్లే దశాబ్దాలపాటు నమ్మారు. ఆ నమ్మకాన్ని పడగొట్టిందెవరు? ఆస్ట్రేలియాలో పెర్త్ నగరపు ఆసుపత్రిలో ఇంకా శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు బారీ మార్షల్. 1981లో గ్యాస్ట్రో విభాగానికి మారినప్పుడు పరిశోధన అంశం కోసం వెతుక్కుంటూ రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు దగ్గరికి వెళ్ళాడు. పుండు ఉన్నవాళ్ళ కడుపు గోడల్లో వంకర సూక్ష్మజీవి ఒకటి కనబడుతోందని వారెన్ చూపించాడు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని, రుజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. హెలికోబాక్టర్ పైలోరి అనే ఆ జీవికి రెండు వారాల యాంటీబయాటిక్ మాత్రలు చాలు. మెడికల్ షాపులో ఏళ్ళ తరబడి ఒమెప్రజోల్ కొని మింగే మన అన్నలకు ఆ రెండు వారాల మందు ఎందుకు అందడం లేదంటే, పుండుకు కారణం ఏదో పరీక్ష చేసి చెప్పేవాళ్ళు దగ్గరలో లేరు గనుక.

దగ్గరలో ఉండడం అసాధ్యమని మాతో వాదించకండి. చింతామణి నుంచి తూర్పుగా పోతే మదనపల్లె, దాని పక్కన ఆరోగ్యవరం. 1915లో అనేక మిషన్లు కలిసి అక్కడ క్షయ ఆసుపత్రి పెట్టాయి. డేన్‌మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. ఆ కాలపు అతి భయంకరమైన జబ్బుకు అతి పెద్ద వైద్యం బొంబాయిలోనో మద్రాసులోనో కాదు, రాయలసీమ రాళ్ళ మధ్య దొరికింది. క్షయ వైద్యం నేర్చుకోవడానికి డాక్టర్లు నగరాల నుంచి అక్కడికి వచ్చేవారు. అంటే నేర్పే చోటు పల్లెలో ఉంటే నేర్చుకునేవాడు పల్లెకు వస్తాడు. వేలూరు కూడా అంతే. 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఐడా స్కడర్, తాను ఒక్కతే ఎంతమందిని చూడగలదని ఆలోచించి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది. ఆమె వేసిన బాట మీదే ఈనాటికీ సి.ఎం.సి. తన పట్టభద్రులను స్పాన్సర్ చేసిన సంఘాల ఆసుపత్రుల్లో రెండేళ్ళు పనిచెయ్యమని పంపుతోంది. ఆ సంఘాల చిన్న ఆసుపత్రుల్లో ఉన్న డాక్టర్లకు దూరవిద్యలో నేర్పుతోంది కూడా. అన్నింటికీ పెద్దాసుపత్రికి చీటీ రాయకుండా, చేతనైనన్ని అక్కడే నయం చెయ్యాలన్నది ఆ చదువు ఉద్దేశం.

చిక్కబళ్ళాపురంలో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు వందేళ్ళకు పూర్వం నెలకొల్పిన ఆసుపత్రి సి.ఎస్.ఐ. చేతిలో ఉంది. కోలారులో మెథడిస్టుల ఇ.టి.సి.ఎం. ఆసుపత్రి ఉంది. వీటి చుట్టూ ఉన్న సంఘాలు మనవి. కొత్త గుడికి గోపురం ఎంత ఎత్తు కట్టాలో తేల్చడానికి మూడు కమిటీలు వేసే మనం, మన ఆసుపత్రుల్లో ఎండోస్కోపు ఉందా, దాన్ని పట్టుకునే చెయ్యి ఉందా అని ఒక్క కమిటీ వేశామా? ఈ మాట రాస్తున్న మేమూ ఆ గోపురం కమిటీల్లో కూర్చున్నవాళ్ళమే. మా అభిప్రాయం ఇది: ప్రతి మిషన్ ఆసుపత్రికీ డి.ఎం. చదివిన నిపుణుడు అక్కర్లేదు. అక్కడ ఇప్పటికే ఉన్న ఒక ఫిజీషియనునో సర్జనునో, వాళ్ళతో పాటు ఒక నర్సును, ఆరు నెలలో ఏడాదో పెద్ద కేంద్రంలో నిలబెట్టి, పై కడుపు ఎండోస్కోపీ, బ్యాండు వెయ్యడం, కారే పుండుకు నెత్తురు ఆపడం, గొట్టాల శుద్ధి నేర్పిస్తే మా సోదరునివంటివాళ్ళకు ఆ రాత్రి ప్రయాణం తప్పుతుంది. నర్సు అని నొక్కి చెబుతున్నాం. సరిగ్గా శుద్ధి చెయ్యని గొట్టం ఒకరి జబ్బు ఇంకొకరికి మోసుకుపోతుంది. డాక్టరుకు ఫెలోషిప్ ఇచ్చి నర్సుకు ఇవ్వకపోతే పని సగమే.

ప్రభుత్వం వైపు కూడా దారి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టర్లకే సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం కేటాయిస్తూ తమిళనాడు 2020లో ఉత్తర్వు ఇచ్చింది. సుప్రీం కోర్టు 2022లో దాన్ని సాగనిచ్చింది. తాలూకా ఆసుపత్రిలో ఎండకు వానకు నిలబడిన డాక్టరు గ్యాస్ట్రో చదివి మళ్ళీ ప్రభుత్వ ఆసుపత్రికే వస్తాడు. కర్ణాటకలోనూ, ఆంధ్ర, తెలంగాణల్లోనూ దీన్ని అడిగి గట్టిగా పట్టుకోవలసింది డాక్టర్ల సంఘాలే కాదు. నెత్తురు కక్కేది మన జనం కాబట్టి మనమూ అడగాలి. మా సంస్థ తరఫున వినతిపత్రం రాస్తున్నాం, సంతకాలకు మీ సంఘానికి వస్తాం. హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తున్నారన్న సంగతి కూడా ఆ రోజే చెబుతాం. ఎందుకంటే మొన్న అడిగితే మా కూడికలో ఒక్కరికీ తెలియదు.

యౌవనస్థులకు ఒక మాట. ఎం.బి.బి.ఎస్. చదువుతున్న మన పిల్లలు గ్యాస్ట్రో అంటే మంచి ఆదాయమని విని ఇష్టపడుతున్నారు. ఇష్టపడండి, తప్పులేదు, మీ అమ్మా నాన్నా అప్పు తీర్చాలి. అయితే మీ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న మేమే అడుగుతున్నాం అనుకోండి: మీ శిక్షణలో ఒక్క నెలయినా గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి వంటి చోట ఉండే ఏర్పాటు ఉందా? లేకపోతే అడిగి పెట్టించుకుంటారా? అమెరికాలో ఉన్న తెలుగు గ్యాస్ట్రో డాక్టర్లకు కూడా ఇదే మనవి. క్రిస్మస్‌కు ఊరికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకున్న తర్వాత ఒక వారం మిగిలితే, ఆ వారం మిషన్ ఆసుపత్రిలోని మన డాక్టరు పక్కన నిలబడండి.

మా సోదరుడు ఇప్పుడు తాగడం లేదు. నాలుగు నెలలైంది, మేము లెక్కపెడుతున్నాం, ఆయన భార్య ఇంకా జాగ్రత్తగా లెక్కపెడుతోంది. నరాలు పూర్తిగా అణగిపోయేదాకా మధ్య మధ్య మళ్ళీ చూసి బ్యాండ్లు వెయ్యాలట. వచ్చే మంగళవారం మూడోసారి. తొండేభావిలో తెల్లవారి రైలు ఎక్కి, యశవంతపురంలో దిగి, సిటీ బస్సులో పోయి, పరగడుపున వరసలో కూర్చోవాలి. కూతురు షాపుకు సెలవు పెట్టి తోడు వెళుతోంది. ఆ పిల్లను మళ్ళీ కాలేజీలో చేర్పించడానికి ఎవరైనా సాయపడదలిస్తే మాకు రాయండి.